తల్లికుండకు లోతుచూపు

2074 మే నెల నాటికి కోనసీమలో పగటి ఎండ నలభై తొమ్మిది డిగ్రీలు దాటడం వార్తే కాదు. రాజోలు బజారు పొడవునా చలువ పరదాలు కట్టి ఉండేవి. బస్సులు, ఆటోలు చప్పుడు చెయ్యకుండా వాటి నీడలోనే సాగేవి. పదకొండు దాటాక బయట తిరిగే ప్రతి మనిషి చేతిలోనూ ఒక గాజు సీసా కనిపించేది. అందులో ఉండేది తరవాణి.

అన్నం వార్చిన గంజి, బియ్యం కడిగిన నీళ్ళు, ఉప్పు, కాస్త వాము కుండలో పోసి పులియబెడితే తరవాణి అవుతుంది. పూర్వం కూలి పనికి వెళ్ళేవాళ్ళ ఇళ్ళలో చద్దన్నంలోకి పోసుకునేవారు. ఎండలు ముదిరి, రంగునీళ్ళ సీసాలు దాహం తీర్చడం లేదని తేలాక జనం మళ్ళీ దీని దగ్గరికే వచ్చారు. దీని కుండని ఎప్పుడూ పూర్తిగా ఖాళీ చెయ్యరు. ఎంత తోడితే అంత కొత్త గంజి పోస్తారు. అడుగున ఉండే మడ్డి ఆ గంజిని పులియబెడుతుంది. మట్టికుండ పాతబడితే మడ్డితో సహా కొత్త కుండలోకి మారుస్తారు. అలా ఏళ్ళ తరబడి సాగే కుండని తల్లికుండ అంటారు.

రాజోలులో గుబ్బల వీరవేణి నడిపే తరవాణి కేంద్రంలో పదకొండుమంది ఆడవాళ్ళు పనిచేసేవారు. రోజుకు మూడు వాయిలు తీసేవారు. ప్రభుత్వం కాగితాల్లో లాటు అని రాసేదాన్నే వాళ్ళు వాయి అనేవారు. ప్రతి సీసా మీదా తేదీ, వాయి నంబరు, దాని కింద ‘నాయనమ్మ కుండ, 1984 నుంచి’ అన్న మాట ఉండేవి. అరవై ఒక్క ఏళ్ళ వీరవేణికి ఆ మాటంటే గర్వం. ఆమె దగ్గర ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తున్న సువార్త ఆమె కన్నా రెండేళ్ళు చిన్నది. పొద్దున్నే తల్లికుండ మూత తీసి వాసన చూసే హక్కు వీళ్ళిద్దరికే ఉండేది.

వాయిల లెక్క చూసేది చుక్కయ్య. అది ఒక యంత్రం. గోడకి తగిలించిన గోధుమరంగు పెట్టె, దానికో చిన్న గరాటు. అసలు పేరు ‘జాడదర్శి’. ఏది కేంద్రంలోకి వచ్చినా, ఏది బయటికి పోయినా “ఒక చుక్క వెయ్యండి” అని అడుగుతుంది కాబట్టి ఆడవాళ్ళు చుక్కయ్య అని పిలిచేవారు. వాళ్ళ మాటలు విని విని అది కూడా “ఆయ్” అనడం నేర్చుకుంది.

చుక్కయ్య చదివేది జాడరేణువులను. 2058 నుంచి ప్రతి మిల్లులోనూ బియ్యం మీద, ప్రతి ఉప్పుమడి దగ్గర ఉప్పు మీద, సంతకి వచ్చే ఆకుల మీద వీటిని చల్లడం తప్పనిసరి అయింది. ఒక్కో రేణువు కంటికి కనిపించనంత సన్నటి గాజుపొర. దాని లోపల ప్రయోగశాలలో అల్లిన చిన్న డీఎన్‌ఏ పోగు. అందులో ఏ పొలం, ఏ మిల్లు, ఏ రోజు అన్నది రాసి ఉంటుంది. వండినా, నానబెట్టినా, పులియబెట్టినా రేణువు చెరగదు. తింటే అలాగే బయటికి పోతుంది. ఎక్కడైనా ఎవరికైనా తిండి వికటిస్తే, ఒక్క చుక్క చదివి అది ఏ వాయో, అందులో ఏ బస్తా బియ్యం పడిందో, ఆ బస్తా ఇంకా ఏయే వాయిల్లో కలిసిందో నిమిషంలో చెప్పవచ్చు. జాడరేణువులు వచ్చాక తిండి కలుషితమై మనుషులు చనిపోవడం దాదాపు ఆగిపోయింది.

వీటికి లొంగనిది తల్లికుండ ఒక్కటే. నిన్నటిది ఇవాళ్టిలోనూ, ఇవాళ్టిది రేపటిలోనూ కలుస్తూ పోతుంటే ఏ వాయి ఎక్కడ మొదలైందని చెప్పాలి? అందుకని చట్టం ఒక దారి ఇచ్చింది. తల్లికుండ వాడుకోవచ్చు. కానీ దాని మూలం ఎన్నడూ తెగి ఉండకూడదు, బయటి కుండ నుంచి ఒక్క చుక్క కూడా కలపకూడదు. ఆ షరతు మీద వీరవేణి కుండకి 2064లో అనుమతి వచ్చింది. నిజంగా తెగిందో లేదో కనిపెట్టే సాధనం మాత్రం అప్పటికి ఎవరి దగ్గరా లేదు.

మే పద్దెనిమిది పొద్దున సఖినేటిపల్లి రేవులో పంటు మీద పనిచేసే తొమ్మిదిమంది వాంతులతో ఆస్పత్రిలో చేరారు. ముందురోజు మధ్యాహ్నం అందరూ తరవాణి తాగారు. అందరి సీసాల మీదా ఒకే నంబరు, మే 17, రెండో వాయి.

కబురు అందిన నిమిషానికి చుక్కయ్య ఆ వాయి మొత్తాన్నీ వెనక్కి పిలిచింది. నాలుగు వందల పన్నెండు సీసాలు ఏయే అంగడిలో, ఏయే ఇంట్లో ఉన్నాయో దానికి తెలుసు. వాటి చీటీలన్నీ ఒక్కసారిగా ఎర్రబడ్డాయి. మూడు గంటల్లో తాగెయ్యనివన్నీ కేంద్రానికి వచ్చేశాయి. ఒక్క టైలరు మాత్రం సగం తాగిన సీసా చంకలో పెట్టుకుని నిలబడ్డాడు.

“నిన్నటి నుంచీ ఇదే తాగుతున్నానండి. నాకేం కాలేదు. ఇంత బాగున్నదాన్ని ఎలా పారబొయ్యమంటారు?” అన్నాడు.

“ఇచ్చెయ్ బాబూ,” అంది వీరవేణి. ఆమె ముఖం పాలిపోయి ఉంది. “నీకేమైనా అయితే నేను బతకలేను.”

ఆ మధ్యాహ్నమే కాకినాడలోని ఆహార జాడల సంస్థ నుంచి డాక్టర్ కొల్లి త్రివేణి వచ్చింది. వయసు ముప్పై నాలుగు. ఆమెతో పాటు ఒక ఉక్కు పెట్టె వచ్చింది. ఆరేళ్ళు కష్టపడి ఆమె తయారుచేసిన యంత్రం అది. పేరు ‘లోతుచూపు’.

త్రివేణి ముందు ఆస్పత్రికి వెళ్ళి తొమ్మిదిమందినీ చూసింది. ప్రాణానికి భయం లేదు, రెండు రోజుల్లో లేస్తారని డాక్టర్లు చెప్పారు. అప్పుడు కేంద్రానికి వచ్చి, చేతులు కడుక్కుని, తల్లికుండ ముందు పీట వేసుకుని కూర్చుంది.

“వేణమ్మగారూ, మడ్డి ఒక చెంచాడు కావాలి,” అంది.

“దేనికమ్మా?”

“రేణువులు గాజువి కదా, బరువుకి అడుగుకి దిగుతాయి. రోజూ నీళ్ళు తోడేస్తున్నా మడ్డిలో పాతవి కొన్ని మిగిలే ఉంటాయి. మామూలు యంత్రానికి అవి కనబడవు. నా యంత్రం ఒక్కోదాన్ని పట్టి, లోపలి పోగుని రెండు చేసి, రెంటిని నాలుగు చేసి, కోటి ప్రతులు తీసి చదువుతుంది. 2058లో మీరు ఈ కుండలో పోసిన మొదటి రేణువుల గంజి దాకా వెళ్ళగలదు. రోగం కుండలో ఎప్పుడు దూరిందో, ఎక్కణ్ణుంచి దూరిందో చెబుతుంది. మూడు రోజులు పడుతుంది.”

వీరవేణి నవ్వింది. “అయితే మా నాయనమ్మ కుండ ఎంత పాతదో కూడా రుజువవుతుందన్నమాట,” అంది. ఆ మాట అన్నాక ఎందుకో చూపు కుండ మీద నుంచి పక్కకు తిప్పుకుంది.

గరిటె పట్టుకుని ఉన్న సువార్త కదల్లేదు.

“అక్కా, పారబోసేద్దాం,” అంది హఠాత్తుగా.

“ఏంటే?”

“ఈ కుండ పారబోసేద్దాం. మనుషులు మంచాన పడ్డారు. ఇంకా దీన్ని సూడ్డం దేనికి? అంగట్లో దొరికే పులుపు గుళికలేసి కొత్తది మొదలెట్టుకుందాం.”

వీరవేణి ఆమెను ఎగాదిగా చూసింది. కొడుకు పెళ్ళి రోజున కూడా పొద్దున్నే వచ్చి కుండ మూత తీసి చూసిన మనిషి, ఇప్పుడు పారబొయ్యమంటోంది. త్రివేణి కూడా చూసింది. ఆమెకు తట్టింది మాత్రం ఒక్కటే. ఈమె కుండలో ఏదో కలిపింది, అది బయటపడుతుందని భయపడుతోంది.

లోతుచూపు గుర్రుమంటూ పని మొదలుపెట్టింది. కేంద్రానికి తాళం పడింది. అయినా పదకొండుమందీ రోజూ వచ్చి అరుగు మీద కూర్చునేవారు.  సువార్త మాత్రం త్రివేణికి మజ్జిగ తెచ్చేది, అన్నం పెట్టేది, చెమట పడుతుంటే విసిరేది. “తిను తల్లీ, ఎండకి సోలిపోతావు,” అనేది. తాను అనుమానించిన మనిషి చేతి అన్నాన్ని త్రివేణి గబగబా తినేసి పెట్టె దగ్గరికి వెళ్ళిపోయేది.

రెండో రోజు పొద్దున త్రివేణి వెనక్కి వచ్చిన సీసాలను వరసగా పెట్టి మళ్ళీ చూసింది. టైలరు మాట ఆమె బుర్రలో తిరుగుతూనే ఉంది. ఒకే వాయి. నూరుమందికి పైగా తాగారు. పడింది తొమ్మిదిమందే.

“వేణమ్మగారూ, కొన్ని మూతల్లో తెల్ల రబ్బరు ఉంది, కొన్నిటిలో నల్లది. ఎందుకని?”

“ఆ రోజు తెల్ల మూతలు అయిపోయాయమ్మా. ఇరవై సీసాలు మిగిలిపోతే వేరే చోట నుంచి మూతలు తెప్పించాం.”

త్రివేణి ఆస్పత్రిలో దాచిన తొమ్మిది సీసాలూ తెప్పించింది. తొమ్మిదింటికీ నల్ల రబ్బరే. మిగిలిన పదకొండు నల్ల మూతలు ఇంకా విప్పలేదు. సాయంత్రానికి పరీక్షలో సంగతి తేలింది. ఆ రబ్బరు చక్రాలను చేసినచోట మురికినీళ్ళతో కడిగారు. క్రిములు వాటిలోనే ఉన్నాయి. రేణువులు చల్లేది తిండి మీద. మూత తిండి కాదు కాబట్టి దాని జాడ ఏ యంత్రంలోనూ లేదు. వాయి నంబరు ఒకటే కాబట్టి చుక్కయ్య మొత్తం నేరాన్ని వాయి మీద వేసింది.

“నాకు చెప్పినవే నాకు తెలుసండి. ఆయ్,” అంది చుక్కయ్య, నొచ్చుకున్నట్లు.

అరుగు మీద ఆడవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని ఏడ్చారు, నవ్వారు. వీరవేణి కుండకి రెండు చేతులూ చుట్టి, దాని అంచు మీద తల ఆన్చి కాసేపు అలాగే ఉండిపోయింది.

సువార్త త్రివేణి దగ్గరికి వచ్చి నెమ్మదిగా అడిగింది. “కుండ తప్పు లేదని తేలింది కదమ్మా. ఇంక ఆ పెట్టె ఆపెయ్యి.”

అక్కడ ఆపెయ్యవచ్చు. చట్టం అడిగినదానికి జవాబు దొరికింది. కానీ ఆరేళ్ళ కష్టం, ప్రయోగశాల బయట మొదటిసారి ఒక నిజమైన తల్లికుండ చదువుతోంది, ఇంకొక్క రోజులో పూర్తవుతుంది. త్రివేణి చెయ్యి మీట దాకా వెళ్ళలేదు.

“ఒక్క రోజే సువార్తమ్మగారూ. మంచే జరుగుతుంది. కుండ పాతదని లోకానికి రుజువు చేసి వెళతాను.”

 సువార్త ఖాళీ మజ్జిగ గ్లాసు తీసుకుని వెళ్ళిపోయింది.

మూడో రోజు పొద్దున తొమ్మిదింటికి లోతుచూపు పని ముగించి ఫలితాన్ని చుక్కయ్యకి అందించింది. గదిలో వీరవేణి, సువార్త, త్రివేణి ఉన్నారు. చుక్కయ్య చదవడం మొదలుపెట్టింది. 2074, 2073, 2072. ఏ ఏడు ఏ మిల్లు బియ్యమో, ఏ ఉప్పో చెబుతూ పోయింది. వీరవేణి ప్రతిదానికీ తల ఊపుతోంది. 2066 దాటింది.

“2065 నవంబరు పదమూడుకి ముందు ఈ కేంద్రం కొన్న బియ్యం రేణువు ఒక్కటీ లేదు,” అంది చుక్కయ్య. “దానికి ముందువన్నీ చౌకబియ్యం రేణువులు. అవి ఏడేళ్ళ పాటు ఈ ఊరి దక్షిణపు పేటలోని ఒక ఇంటికి పంపిణీ అయినవి. కార్డు పేరు నక్కా సువార్త.”

 త్రివేణికి అర్థం కావడానికి క్షణం పట్టింది. కుండ మూలం తొమ్మిదేళ్ళ కిందటే తెగిపోయింది. ఇప్పుడున్నది నాయనమ్మ కుండ కాదు.

సువార్త గోడకి జారబడి నేల మీద కూర్చుంది.

“తుపానప్పుడండి,” అంది, త్రివేణి వైపు చూస్తూ. వీరవేణి వైపు చూడలేకపోయింది. “అక్క కాకినాడ ఆస్పత్రిలో ఉంది, ఆపరేసనై. గోదారి గట్టు తెగిందన్నారు. నడుము లోతు నీళ్ళొచ్చేసినాయి. కుండ నెత్తిన పెట్టుకుని బడి మేడ మీదికి ఎల్లాను. మెట్లు పాసి పట్టి ఉన్నాయి. మూడో మెట్టు కాడ కాలు జారింది. నాకేం దెబ్బ తగల్లేదండి. కుండే...”

కొంగుతో ముఖం తుడుచుకుంది.

“ఆస్పత్రిలో మనిషికి ఏం సెప్పను? పొద్దున్నే ఫోన్ చేసి మొదట అడిగేది కుండ గురించే. మా ఇల్లు మెరక మీద. మా అత్తగారి కుండ ఉట్టి మీద పదిలంగా ఉంది. అందులోది సగం తెచ్చి కొత్త కుండలో పోశాను. పాత కుండ బీటేసింది, మడ్డితో సహా మార్చానక్కా అన్నాను.”

“తరవాతైనా చెప్పొచ్చు కదండీ,” అంది త్రివేణి.

సువార్త నవ్వింది. ఆ నవ్వులో సంతోషం లేదు.

“ఏమని సెప్పనమ్మా? ఈ సీసా ఎన్నో ఊళ్ళకి పోతాది. వేణక్క నాయనమ్మ కుండ అని తాగుతారు. పేటలో సువార్త అత్తగారి కుండ అని రాస్తే ఎంతమంది తాగుతారో నాకు తెలవదు. నీకు తెలుసా?”

త్రివేణికి తెలియదు. మీట మీదికి వెళ్ళని తన చెయ్యి గుర్తొచ్చి ఆమెకు ముఖం ఎత్తాలనిపించలేదు. ఏదో ఒకటి చెయ్యాలన్నట్లు యంత్రాన్నే అడిగింది. “చుక్కయ్యా, ఆ నెలలో కుండలోకి వెళ్ళిన వస్తువుల్లో ఇంకేమైనా మార్పు ఉందా?”

“ఆయ్, ఉందండి. నవంబరు ఇరవై తొమ్మిది నుంచి దబ్బాకు కొనడం మొదలైంది. అంతకు ముందు ఎన్నడూ కొనలేదు. వాయికి పది ఆకులు. కారణం అన్నచోట వేణమ్మగారు ‘రుచి కోసం’ అని రాయించారు.”

సువార్త తలెత్తింది. “మా అత్తగారు కుండలో దబ్బాకు వేసేది,” అంది మెల్లగా. “అక్క వేసేది వాము ఒక్కటే.”

ఇప్పుడు ఇద్దరూ వీరవేణి వైపు చూశారు. ఆమె పైటకొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడి ఉంది.

“నవంబరు ఇరవై ఎనిమిదిన ఇంటికొచ్చాను,” అంది వీరవేణి. “నువ్వు గ్లాసులో పోసిచ్చావు. మొదటి గుక్కకే తెలిసిపోయిందే. చిన్నప్పటి నుంచీ తాగినదాన్ని, నాకు తెలీదా? దబ్బాకు వాసన. అది ఎవరి కుండో కూడా తెలిసింది. నీ పెళ్ళయిన కొత్తలో మీ ఇంటికొచ్చినప్పుడు మీ అత్తగారు పోసింది, అప్పుడు తాగాను.”

“తెలిసీ...”

“ఊళ్ళోవాళ్ళు వాసన మారిందని అడుగుతారు కదా. నేనే దబ్బాకు వేస్తున్నానని చెప్పడానికి కొనడం మొదలుపెట్టాను.”

“నాతో ఒక్క మాటనలేదేంటక్కా? తొమ్మిదేళ్ళు ఈ మాట కడుపులో పెట్టుకుని సచ్చాను నేను.”

“అంటే నువ్వు సిగ్గుపడి పని మానేసి వెళ్ళిపోతావనుకున్నాను.” వీరవేణి వేలికి చుట్టిన కొంగు వదిలేసింది.  “అదొక్కటే కాదులే. అబద్ధం దేనికి? సీసా మీద పేరు మార్చాల్సొస్తుందని కూడా భయపడ్డాను. మీ అత్తగారి పేరు రాస్తే ఎవరు కొంటారోనని నేనూ అనుకున్నాను. నువ్వు భయపడ్డావు, నాకు అక్కరకొచ్చింది. ఊరుకున్నాను.”

 బయట అరుగు మీద ఎవరో దగ్గారు.

“మా అత్త కుండని తొమ్మిదేళ్ళు మీ నాయనమ్మ పేరుతో అమ్మేవు,” అంది సువార్త.

“అమ్మేను.”

“మనిషి పోయి ఆరేళ్ళయింది. బతికుండగా ఒక్క సీసా మీదైనా పేరు సూసుకునేది.”

వీరవేణి కళ్ళ నుంచి నీళ్ళు కారిపోయాయి. తుడుచుకోలేదు. వచ్చి సువార్త పక్కన నేల మీదే కూర్చుంది. భుజం భుజం ఆనేలా కూర్చుంది కానీ చెయ్యి వెయ్యలేదు, వెయ్యడానికి ధైర్యం చాలలేదు. చాలాసేపు అయ్యాక సువార్తే తన కొంగు తీసి ఆమె ముఖం మీదికి విసిరింది.

“తుడుసుకో. డాక్టరమ్మ సూస్తంది.”

త్రివేణి ఉన్నది ఉన్నట్లు నివేదిక రాసింది. ఇంకోలా రాయడం ఆమెకు చేతకాదు. నల్ల మూతల సంగతి రాసింది. కుండలో రోగం లేదని రాసింది. మూలం తెగిందనీ రాసింది. పాత అనుమతి రద్దయింది. కొత్త అనుమతికి వీరవేణి, సువార్త ఇద్దరి పేర్లతో దరఖాస్తు వెళ్ళింది. ఇకనుంచి మూతలకీ రబ్బరుకీ కూడా రేణువులు అద్దాలని త్రివేణి సంస్థను ఒప్పించింది. అనుమతి వచ్చేదాకా నలభై రోజులు కేంద్రం మూతపడింది.

ఆ నలభై రోజుల్లోనే సీసా మీద కొత్త మాట అచ్చయింది. ‘నక్కా దీనమ్మ కుండ’. దీనమ్మ సువార్త అత్తగారు. వద్దని సువార్త వారం రోజులు పోట్లాడింది. వీరవేణి వినలేదు. తెరిచిన మొదటి రోజు ఎనిమిది అంగళ్ళలో మూడు సరుకు దించుకోలేదు. కారణం అడిగితే గోదాములో చోటు లేదన్నారు. వీరవేణి ఆ మూడు అంగళ్ళ ముందూ కుర్చీ వేసుకుని కూర్చుని, వచ్చేపోయేవాళ్ళు చూస్తుండగా సీసా ఎత్తి తాగింది. సగటున రోజుకు ఐదు సీసాలు. వారం దాటాక అందులో రెండు అంగళ్ళు చోటు చేసుకున్నాయి. మూడోది ఎప్పటికీ చేసుకోలేదు. ఆ టైలరు మాత్రం మొదటి రోజే వచ్చి, చీటీ అయినా చదవకుండా రెండు సీసాలు పట్టుకుపోయాడు.

త్రివేణి ఆ తర్వాతి ఏడాదంతా లోతుచూపు పెట్టె వెంటబెట్టుకుని డెల్టా చుట్టూ తిరిగింది. అనుమతి ఉన్న తల్లికుండలన్నిటినీ చదివి రమ్మని సంస్థ పంపింది. తరవాణి కుండలే కాదు, పెరుగు తోడు కుండలు, కల్లుకుండలు, మొత్తం రెండు వందల పన్నెండు. ఒక్కో ఇంట్లో ఎవరో ఒక పెద్దావిడ గుమ్మంలో నిలబడి, తమ కుండ ఎన్నడూ తెగలేదని చెప్పేది. మూడో రోజున యంత్రం ఇంకో కథ చెప్పేది. పిల్లి దొర్లించిన కుండలు, వరదకి పోయినవి, ఊరెళ్ళి మరిచిపోతే ఎండిపోయినవి. ప్రతిసారీ పక్కింటి నుంచో, పొలానికి అవతలి పేట నుంచో, మాట్లాడుకోని తోడికోడలి వంటింటి నుంచో చెంబుడు మడ్డి వచ్చి చేరింది. రెండు వందల పన్నెండులో తెగనిది ఒక్కటీ లేదు. తెగకూడదన్న ఆ నియమం రాసిన పెద్దాయన తమ ఇంటి కుండని పంతంగా చదివించుకున్నాడు. అందులో మూడు ఇళ్ళ మడ్డి బయటపడింది.

నియమం మారింది. తెగకూడదన్న షరతు ఎత్తేశారు. దాని బదులు దరఖాస్తులో ఒక గడి పెట్టారు. కుండ ఎప్పుడెప్పుడు పగిలిందో, ఎవరి ఇంటి నుంచి మళ్ళీ పోశారో రాస్తే చాలు.

2075 జూన్‌లో ఆ కొత్త కాగితం పట్టుకుని త్రివేణి తానే రాజోలు వచ్చింది. మధ్యాహ్నపు వాయి దించి ఇద్దరూ అప్పుడే చేతులు కడుక్కుంటున్నారు. ఆమెను చూడగానే సువార్త లోపలికి పరిగెత్తి అన్నం వడ్డించింది. తిన్నాక త్రివేణి గడి చూపించి విషయం చెప్పింది.

“2065 నవంబరు పదమూడు. నక్కా దీనమ్మ గారి ఇంటి నుంచి. రాసేశాను. సంతకాలు చెయ్యండి,” అంది.

సువార్త సంతకం చేసింది. వీరవేణి కలం పట్టుకుంది కానీ కాగితం మీద పెట్టలేదు.

“కింద ఇంకో గీతకి ఖాళీ ఉందామ్మా?”

“ఉంది. ఎందుకండీ?”

“2070లో ఇంకోసారి,” అంది వీరవేణి, బల్ల మీద చూపు పెట్టి. “ఆగస్టులో. ఆదివారం. సువార్త చర్చికి వెళ్ళింది. గరిటె చేయిజారి కుండ అడుగున తగిలింది. అడుగే ఊడిపోయింది.”

త్రివేణి గిరుక్కున చుక్కయ్య వైపు తిరిగింది. “నువ్వు చెప్పలేదే!”

“తెలియలేదండి,” అంది చుక్కయ్య. “తుపాను తర్వాత పనివాళ్ళందరి ఇళ్ళకీ ఇక్కడి బియ్యమే వెళుతోంది. సువార్తమ్మగారి ఇంటి మడ్డిలోనూ ఇవే రేణువులు. 2065 నుంచి 2070 దాకా కొన్న అయిదేళ్ళ దబ్బాకు రేణువులు మాత్రం కనబడలేదు. ఆకులు తీసి పారేస్తారు కదా, వాటితో పోయి ఉంటాయనుకున్నాను. ఆయ్.”

సువార్త నోరు తెరిచి వీరవేణిని చూస్తూ ఉండిపోయింది.

“నేను చర్చిలో ఉండగా మా ఇంటికొచ్చి పోసుకెళ్ళేవా?”

“తాళం ఎక్కడ పెడతావో నాకు తెలుసు కదే.”

“ఓసి నీ... ఆ రోజు ఇంటికెళ్ళేసరికి మా కుండ సగమై ఉంది! పిల్లి తాగేసిందనుకుని, మా పిల్లిని వీధి చివరిదాకా తరిమి కొట్టానక్కా!”

“తెలుసు. అరుగు మీద నుంచి చూశాను,” అంది వీరవేణి. ఆమెకు నవ్వు ఆగడం లేదు. “పాపం, దానికి వారం రోజులు పాలు పోశాను.”